పలుగు, పార, వంతెన
రెండు ప్రపంచ సంగ్రామాలలో మద్రాసు సాపర్ల దళం

సూరత్ నగరం నుండి ఉధనా వైపు వెళ్లే దారిలో ఖటోదరా అనే ప్రాంతం ఉన్నది. అది పారిశ్రామికవాడ. ఖటోదరా, ఉధనా, లింబాయత్ పరిసరాల నేత కర్మాగారాలలో గుజరాతీలతో బాటు మరాఠీలు, ఒడియాలు, ఉత్తరప్రదేశ్ వాసులు, తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన తెలుగువారు పనిచేస్తూ ఉంటారు. తెలుగు పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతూ వచ్చింది. ఇన్ని భాషలవారు ఒక్క చోట చేరినప్పుడు ఒకరిని గూర్చి మరొకరు చెప్పుకొనే మాటలు కొన్ని పుడతాయి. గుజరాతీ వర్తకుడని, పంజాబీ యోధుడని, తెలుగువాడు మగ్గానికో నాగలికో పుట్టినవాడని అంటూ ఉంటారు. ఇవి పరిహాసపు మాటలే. కాని ఒకప్పుడు ఇటువంటి మాటలే ప్రభుత్వ విధానమై, సైన్యంలో ఎవరికి చోటు ఉన్నదో ఎవరికి లేదో నిర్ణయించాయి. ఆ విధానాన్ని రెండు ప్రపంచ సంగ్రామాలు ఎట్లు పరీక్షకు పెట్టాయో తెలుసుకొనడానికి మద్రాసు సాపర్ల చరిత్ర మిక్కిలి ఉపకరిస్తుంది.

ఈ చరిత్రకు మొదలు రెండు రేవు పట్టణాలలో ఉన్నది. ఈస్టిండియా కంపెనీవారు తెలుగు తీరాన మచిలీపట్నంలో 1611లో అడుగుపెట్టారు. పడమటి తీరాన సూరత్‌లో 1613లో వారికి స్థిరమైన వర్తకశాల ఏర్పడింది. సరుకుల గిడ్డంగులకు కాపలా కాయడానికి తొలుత కొద్దిమంది బంట్రోతులు సరిపోయారు. వర్తకం రాజ్యంగా మారిన కొలదీ కాపలాదారులు సైన్యాలయ్యారు. బెంగాలు, మద్రాసు, బొంబాయి రాజధానులకు మూడు వేర్వేరు సైన్యాలు ఏర్పడ్డాయి.

మద్రాసు సైన్యంలో తెలుగువారి పాత్ర ఎంతటిదో ఒక్క పదం చెబుతుంది. 1757లో క్లైవు వెంట బెంగాలుకు వెళ్లిన సిపాయీలు మద్రాసు నుండి వెళ్లినవారు. వారిని అక్కడి ప్రజలు ‘తిలంగా’లని పిలిచారు. అనగా తెలంగులు, తెలుగు దేశంవారు. కాలక్రమాన ఉత్తరాదిన కంపెనీ సిపాయీ ఏ ప్రాంతంవాడైనా సరే, అతనికి తిలంగా అన్న పేరే స్థిరపడింది. 1857లో ఢిల్లీ వీధులలో తిరుగుబాటు చేసిన సైనికులను కూడా ఆ నగరవాసులు తిలంగాలనే వ్యవహరించారు. వారిలో తెలుగువాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో! ఒక ప్రజల పేరు సిపాయీ అన్న మాటకు పర్యాయపదమైనది. అదే ప్రజలు మరి కొన్ని దశాబ్దాలకు ‘యోధ జాతి కాదు’ అనిపించుకొన్నారు.

సాపర్ అనగా ఎవరు?

శత్రువుల కోటగోడ వైపు తుపాకి గుళ్లకు చిక్కకుండా తవ్వుకొంటూ పోయే కందకాన్ని ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో ‘సాప్’ అంటారు. దానిని తవ్వే సైనికుడు సాపర్. గోడ కింద సొరంగం తవ్వి మందు కూరి పేల్చేవాడు మైనర్. కాలం మారిన కొలదీ వీరి పని విస్తరించింది. సైన్యం నడవడానికి దారి వేయడం, నది దాటడానికి వంతెన కట్టడం, శత్రువు కట్టిన వంతెనను పడగొట్టడం, ఎడారిలో మంచినీరు తీయడం, మందుపాతరలను ఏరివేయడం అన్నీ సాపర్ల బాధ్యతలే. వీరు తుపాకి పట్టగలిగిన పనివారు. పనిముట్టు పట్టిన సైనికులు. దాడి జరిగేటప్పుడు అందరికంటె ముందు ఉంటారు. వెనుకంజ వేసేటప్పుడు వంతెనను కూల్చి అందరికంటె చివర వస్తారు.

మద్రాసు దళం 1780 సెప్టెంబరు 30న రెండు పయనీరు కంపెనీలుగా మొదలైంది. లెఫ్టినెంట్ జోసెఫ్ మూర్‌హౌస్ దానికి ప్రథమ నాయకుడు. పయనీర్లంటే పలుగు, పార పట్టి సైన్యానికి ముందు నడిచి దారి చదును చేసేవారు. తరువాతి శతాబ్దిలో ఈ దళం మైసూరు యుద్ధాలలో, ఈజిప్టులో, జావాలో, బర్మాలో, చైనాలో, అబిసీనియాలో పనిచేసింది. ‘సాపర్లు, మైనర్లు’ అన్న పేరు దీనికి 1831లో వచ్చింది.

ఆంధ్ర దేశంతో ఈ దళానికి గల సంబంధం యుద్ధంతో నిమిత్తం లేనిది. 1847 నుండి 1852 వరకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట కట్టిస్తున్నప్పుడు ఆ పనిలో సాపర్లు కూడా చేయి కలిపారు. అటుపిమ్మట కొన్నేళ్లు దళ ప్రధాన స్థావరం ధవళేశ్వరంలోనే ఉండి, చివరకు బెంగుళూరులో స్థిరపడింది. కోటలు పడగొట్టడానికి నేర్చిన విద్య గోదావరి జిల్లాల పొలాలకు నీరు పారించడానికి పనికి వచ్చింది. ఈ దళం సాధించిన కార్యాలలో ఇంతకంటె ఎక్కువ కాలం నిలిచినది మరొకటి లేదేమో.

ఇంకొక విశేషం ఉన్నది. నాటి భారత సైన్యంలో చాలా దళాలను కులాన్ని బట్టి, మతాన్ని బట్టి విభజించేవారు. ఒక కంపెనీ నిండా ఒకే వర్గంవారు ఉండేవారు. మద్రాసు సాపర్లలో ఆ కట్టుబాటు అంత గట్టిగా లేదు. తమిళులు, తెలుగువారు, ముస్లింలు, క్రైస్తవులు, అస్పృశ్యులని సమాజం దూరంగా ఉంచినవారు ఒకే కంపెనీలో కలిసి పనిచేశారు. ఒక దూలాన్ని నలుగురు మోయవలసి వచ్చినప్పుడు ఎవరి కులమేదని విచారిస్తే దూలం నేల మీదనే ఉంటుంది. బ్రిటిషువారు సమతాభావంతో ఈ ఏర్పాటు చేశారని అనుకొనరాదు. పని స్వభావమే అట్లు నిర్బంధించింది. ఈ సైనికులకు ‘తంబీలు’ అన్న ముద్దుపేరు వచ్చింది. తంబి అనగా తమిళంలో తమ్ముడు.

యోధ జాతుల సిద్ధాంతం

ఫ్రెడరిక్ రాబర్ట్స్ 1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యానికి సేనాపతిగా ఉండి, ఆపైన 1893 వరకు యావద్భారత సేనాధిపతిగా పనిచేశాడు. దక్షిణాదివారిలో పూర్వపు యుద్ధశక్తి నశించిందని, వారు వాయవ్య సరిహద్దున రష్యనుల వంటి శత్రువును ఎదిరించజాలరని ఆయన అభిప్రాయం. 1897లో వెలువడిన స్వీయచరిత్రలో కూడా ఆయన దీనిని దాచుకొనలేదు. ఆ అభిప్రాయం ఆధారంగా మద్రాసు పదాతి దళాలను ఒకటొకటిగా తగ్గించారు. కొన్నింటిలో మద్రాసు పేరు మిగిలింది గాని అందలి సైనికులు ఉత్తరాది నుండి తెచ్చినవారు. పదాతి దళాలలో తెలుగువారికి దాదాపు తలుపు మూసుకొనిపోయింది.

ఈ వాదంలోని లోపం ఏమిటి? దక్షిణ దేశం చాలా కాలంగా శాంతిగా ఉన్నందున సైనికులకు యుద్ధానుభవం తక్కువైన మాట నిజం. మంచి అధికారులు సరిహద్దు దళాలను కోరి వెళ్లిపోవడం వల్ల శిక్షణ సన్నగిల్లిన మాట కూడా నిజం. అనుభవ లోపాన్ని, శిక్షణ లోపాన్ని రక్తదోషంగా లెక్కించడమే పొరపాటు. అదే మద్రాసు ప్రాంతపు మనుషులు సాపర్ల దళంలో ఉండి బర్మాలోను, చైనాలోను, సరిహద్దులలోను పేరు తెచ్చుకొంటూనే ఉన్నారు. సాపర్లను మాత్రం రాబర్ట్స్ సిద్ధాంతం తాకలేకపోయింది.

1912లో బెంగుళూరులో ఈ దళపు అధికారి కెప్టెన్ మెక్‌క్లింటాక్ ఒక సాధనాన్ని రూపొందించాడు. లోహపు గొట్టాలలో పేలుడు పదార్థం కూరి, ఒకదానికొకటి తగిలించి, ముళ్లతీగె కంచె కిందికి నెట్టి దూరం నుండే పేల్చే ఏర్పాటు అది. గొట్టం పొడవునా కంచె తెగి, మనుషులు నడిచేంత దారి ఏర్పడుతుంది. దీనికి ‘బెంగుళూరు టార్పెడో’ అని పేరు. రెండు ప్రపంచ సంగ్రామాలలోను దీనిని వాడారు. 1944 జూన్‌లో నార్మండీ తీరాన అమెరికన్ సైనికులు కంచెలు తెంచిన సాధనం కూడా ఇదే. ఆ పేరులో మన నగరం ఉన్నదని వారిలో ఎందరికి తెలిసి ఉంటుంది?

ప్రథమ ప్రపంచ సంగ్రామం

1914లో యుద్ధం ప్రారంభం కాగానే భారత దళాలు ఫ్రాన్సుకు, ఈజిప్టుకు, తూర్పు ఆఫ్రికాకు, మెసపొటేమియాకు తరలివెళ్లాయి. నాలుగేళ్లలో పదమూడు లక్షలకు పైగా భారతీయులు ఈ యుద్ధంలో సేవచేశారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు.

దక్షిణాదివారికి ఆరంభం శుభకరంగా లేదు. 1914 నవంబరు మొదటి వారంలో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవుపై జరిగిన దాడి ఘోరంగా విఫలమైంది. అందులో పాల్గొన్న పాలంకోట పదాతి దళం చెదరిపోయింది. ‘మద్రాసీలు పోరాడలేరు’ అన్నవారికి ఇది సాక్ష్యంగా దొరికింది. కాని సైనికులు వారాల తరబడి ఓడలలో కిక్కిరిసి ప్రయాణించి దిగీదిగగానే యుద్ధానికి నడిచారు. శత్రు బలాన్ని గూర్చి సేనాపతులకు సరియైన సమాచారమే లేదు. అంతకుముందు రోజున యోధ జాతిగా లెక్కింపబడిన రాజపుత్రుల దళం కూడా అక్కడ వెనుకకు తగ్గింది. ఆ సంగతిని ఎవరూ రక్తదోషానికి ముడిపెట్టలేదు. ముందుగా నిశ్చయించుకొన్న తీర్పుకు తరువాత సాక్ష్యాలు వెదికితే ఇట్లే జరుగుతుంది.

సాపర్లకు అసలు పరీక్ష మెసపొటేమియాలో, అనగా నేటి ఇరాక్‌లో, ఎదురైంది. అక్కడ రోడ్లు లేవు. టైగ్రిస్ నదియే రాచబాట. కుట్ పట్టణంలో ముట్టడికి గురైన సైన్యం ఆకలికి తాళలేక 1916 ఏప్రిల్ 29న తుర్కులకు లొంగిపోయింది. ఆ బందీలలో బొంబాయి సాపర్ల కంపెనీలు రెండు, సిర్మూరు సంస్థానపు సాపర్లు ఉన్నారు. వారిని విడిపించడానికి ప్రయత్నించి విఫలమైన సైన్యం ఆ ఏడాదంతా నది దిగువన నిలిచి, కొత్త సేనాపతి మోడ్ నాయకత్వాన బలం కూడగట్టుకొంది. ఆ సైన్యంలోని 14వ డివిజన్‌లో మద్రాసు సాపర్ల 12వ, 13వ కంపెనీలు పనిచేశాయి.

1917 ఫిబ్రవరి 23. కుట్‌కు ఎగువన షుమ్రాన్ అనే చోట టైగ్రిస్ మెలిక తిరుగుతుంది. నది వరద మీద ఉన్నది. వెడల్పు సుమారు మూడు వందల గజాలు. ఆవలి గట్టున తుర్కుల కందకాలు. తెల్లవారకముందే మూడు చోట్ల నుండి పడవలు బయలుదేరాయి. తెడ్లు వేసినవారిలో సాపర్లు ఉన్నారు. ఒక రేవున నార్‌ఫోక్ దళం, తక్కిన రెండు రేవులలో గూర్ఖా దళాలు దాటవలసి ఉన్నది. తెడ్డు వేసేవాడికి తుపాకి పట్టే వీలు లేదు, దాగడానికి చోటు లేదు. ప్రవాహానికి ఎదురు నిలిచి, గుళ్ల వర్షంలో పడవను ఆవలికి చేర్చి, గాయపడినవారిని ఎక్కించుకొని, మళ్లీ ఖాళీ పడవతో రావాలి. ఆపైన తిరిగి వెళ్లాలి. రెండు రేవులలో తెడ్లవారు పెద్ద సంఖ్యలో నేలకూలారు. చివరకు ఆ రెండింటినీ విడిచి, మిగిలిన పడవలన్నింటినీ మొదటి రేవుకే మళ్లించారు.

అటు పడవలు తిరుగుతూ ఉండగానే ఇటు వంతెన పని ఆరంభమైంది. పొంటూను వంతెన అనగా తేలే పడవలను వరుసగా లంగరు వేసి నిలిపి, వాటిపై దూలాలు పరచి, పలకలు బిగించినది. నిలకడ నీటిలో ఇది కష్టమైన పని కాదు. వరద నదిలో ఒక్కొక్క పడవ లంగరు పట్టేలోగా దిగువకు కొట్టుకొనిపోతుంది. ఒక పడవ తప్పితే వరుసంతా వంకరపోతుంది. ఫిరంగి గుండ్లు పడుతూ ఉండగా ఈ పని సాగింది. సాయంత్రం నాలుగున్నరకు వంతెన పూర్తి అయింది. అదే రాత్రి సైన్యం, ఫిరంగులు దాని మీదుగా దాటడం మొదలుపెట్టాయి. తుర్కులు కుట్‌ను విడిచి వెనుదిరిగారు. మార్చి 11న బాగ్దాద్ పట్టుబడింది. ఏడాదిగా ఆగి ఉన్న యుద్ధం ఒక వంతెనతో కదిలిందనడం అతిశయోక్తి కాదు.

సైన్యంలో చేరే విషయమై దేశంలో ఈ కాలంలోనే ఒక విచిత్ర ఘట్టం జరిగింది. 1918 వేసవిలో గాంధీజీ గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో గ్రామగ్రామం తిరిగి సైన్యంలో చేరవలసిందని రైతులను కోరారు. గుజరాతీలు కూడా యోధ జాతుల జాబితాలో లేనివారే. అంతకు కొద్ది నెలల ముందు శిస్తు నిరాకరణ సత్యాగ్రహంలో ఆయనకు బండ్లిచ్చి, భోజనం పెట్టిన పల్లెలు ఈసారి మొగం చాటుచేశాయి. చేరినవారు బహు కొద్దిమంది. ఆయన ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. అహింసావాది సైనికులను సమీకరించడం సబబా అన్న చర్చ నేటికీ ముగియలేదు. పిరికివానికి అహింస అనే హక్కు లేదని, ఆయుధం పట్టగలిగినవాడే దానిని విడువగలడని గాంధీజీ వాదం. పరాయి ప్రభుత్వం అంటించిన బిరుదు ఒక ప్రజల ఆత్మవిశ్వాసాన్ని ఎంతగా తగ్గించిందో ఆయన గ్రహించారన్నది మాత్రం స్పష్టం.

రెండు యుద్ధాల నడుమ

ఇరవై యుద్ధరంగాల అనుభవం తరువాత కూడా పాత సిద్ధాంతం చావలేదు. 1922లో మిగిలిన మద్రాసు పదాతి దళాలను కలిపి 3వ మద్రాసు రెజిమెంటుగా ఏర్పరిచారు. కాని ఖర్చు తగ్గింపు పేరుతో 1928 నాటికి దాని శాశ్వత బెటాలియన్లన్నింటినీ రద్దుచేశారు. 1933లో పయనీరు దళాలు కూడా పోయాయి. అవసరం వచ్చినప్పుడు పిలవడం, గడిచిపోయాక ఇంటికి పంపడం మద్రాసు సైనికునికి అలవాటైన గౌరవం! ఈ కాలమంతా సైన్యంలో దక్షిణాదివారికి మిగిలిన ముఖ్యమైన ఆశ్రయం బెంగుళూరులోని సాపర్ల దళమే. అక్కడ వడ్రంగం, కమ్మరం, తాపీపని, రాళ్లు పేల్చే విద్య నేర్పేవారు. పదవీ విరమణ చేసిన సాపర్ తన ఊరికి ఒక వృత్తితో తిరిగి వెళ్లేవాడు.

సైనిక సంప్రదాయం ఊళ్లలో పూర్తిగా అడుగంటలేదనడానికి పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నిదర్శనం. ఇంటింటా సైనికులున్నందున దానికి ‘మిలిటరీ మాధవరం’ అని పేరు స్థిరపడింది. గ్రామస్థులు చెప్పే లెక్క ప్రకారం ప్రథమ సంగ్రామానికి ఆ ఊరి నుండి 90 మంది, ద్వితీయ సంగ్రామానికి వెయ్యికి పైగా వెళ్లారు. ఈ రెండు సంఖ్యల నడుమ గల అంతరం గమనింపదగినది. పాతికేళ్లలో ఆ ఊరివారి రక్తం మారలేదు. మారింది సైన్యపు అవసరం.

ద్వితీయ ప్రపంచ సంగ్రామం

1939లో యుద్ధం తిరిగి వచ్చింది. భారత ప్రజల అంగీకారం అడగకుండానే వైస్రాయి మన దేశాన్ని యుద్ధంలో చేర్చాడు. కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా ఇచ్చాయి. ఇది ఎవరి యుద్ధమన్న ప్రశ్న చదువుకొన్న యువకుల మనస్సులను కలచివేసింది. సింగపూరు 1942 ఫిబ్రవరి 15న జపానుకు లొంగినప్పుడు బందీలైన భారత సైనికులలో అనేకులు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. అనేకులు చేరక చెరలోనే మగ్గారు. రెండు వైపులా దేశభక్తులు ఉన్నారని చరిత్రకారుడు అంగీకరించక తప్పదు.

సైన్యం సుమారు రెండు లక్షల నుండి ఇరవై అయిదు లక్షలకు పెరిగింది. యోధ జాతుల జాబితాతో ఇంతమంది దొరకరు. 1941–42లో మద్రాసు రెజిమెంటును తిరిగి నెలకొల్పారు. దాని బెటాలియన్లు బర్మా రంగంలో పోరాడాయి. యుద్ధం ముగిసేనాటికి పంజాబు తరువాత అత్యధికంగా మనుషులను ఇచ్చిన ప్రాంతాల్లో మద్రాసు ముందు వరుసలో నిలిచింది. అట్లే ప్రథమ సంగ్రామంలో ఏర్పడి 1921లో రద్దయిన మహర్ల దళాన్ని కూడా 1941లో పునరుద్ధరించారు. ఉత్తరాంధ్రకు చెందిన కె.వి. కృష్ణారావు 1942లో అధికారిగా చేరినది ఈ మహర్ రెజిమెంటులోనే. ఆయన 1981లో భారత సేనాధిపతి అయ్యారు.

సాపర్ల విషయానికి వస్తే, 4వ భారత డివిజన్‌లో మూడు దళాలవారు కలిసి పనిచేశారు. బెంగాలు దళపు 4వ కంపెనీ, మద్రాసు దళపు 12వ కంపెనీ, బొంబాయి దళపు 21వ కంపెనీ, మద్రాసువారిదే అయిన 11వ ఫీల్డ్ పార్కు కంపెనీ అందులో ఉండేవి. టైగ్రిస్ మీద తెడ్లు వేసిన ఆ 12వ కంపెనీయే ఇరవై నాలుగేళ్ల తరువాత ఎరిట్రియా కొండల్లో కెరెన్ పోరులో పాల్గొన్నది. అక్కడి నుండి ఉత్తర ఆఫ్రికాకు, ఇటలీకి సాగింది.

ఈ యుద్ధంలో సాపర్లకు కొత్త శత్రువు మందుపాతర. ఎడారిలో ఇరుపక్షాలవారు వాటిని లక్షల సంఖ్యలో నాటారు. ట్యాంకులు సాగాలంటే ముందుగా సాపర్లు రాత్రివేళ కాలినడకన ఆ నేలలోకి వెళ్లాలి. ఒకడు లోహాన్ని కనిపెట్టే యంత్రంతో నేలను తడుముతాడు. యంత్రం కూస్తే మరొకడు బయొనెట్టు మొనతో ఇసుకను ఏటవాలుగా గుచ్చి వెదుకుతాడు. దొరికిన దానిని వట్టి చేతులతో పైకి తీస్తాడు. వేరొకడు శుభ్రమైన దారికి ఇరువైపులా తెల్లని పట్టీ పరుస్తూ వస్తాడు. పట్టీల నడుమ దారి క్షేమకరం; పట్టీకి అవతల ఒక్క అడుగు మృత్యువు.

1944 ఫిబ్రవరి నాటికి 4వ డివిజన్ ఇటలీలో మోంటే కసినో కొండ ముందు నిలిచింది. కొండ మీది మఠాన్ని ఎదుటి నుండి ఎక్కడం అసాధ్యమయ్యేసరికి, వెనుక వైపు నుండి ట్యాంకులు పోగలిగే దారి వేయాలని నిర్ణయించారు. కంచరగాడిదలు నడిచే బాటను భారతీయ సాపర్లు న్యూజిలాండు ఇంజనీర్లతో కలిసి, శత్రువు కంట పడకుండా కొండచరియను తొలిచి వెడల్పు చేశారు. దానికి కావెండిష్ రోడ్డు అని పేరు. మార్చి 19న ట్యాంకులు దాని మీదుగా వెళ్లి శత్రువును దిగ్భ్రాంతిపరిచాయి. కాని వెంట పదాతి దళం లేనందున దాడి ఫలించలేదు. రోడ్డు తన పని తాను చేసింది.

ఆ రోజులలోనే, 1944 ఫిబ్రవరి 24న, కసినోకు దక్షిణాన మిన్యానో వద్ద 11వ ఫీల్డ్ పార్కు కంపెనీకి చెందిన సుబేదార్ సుబ్రమణియం కొద్దిమందితో మందుపాతరలు తొలగిస్తున్నాడు. నాటి జర్మన్ పాతరలలో ఒక రకం అతి క్రూరమైనది. అడుగు పడగానే చిన్న చప్పుడు అవుతుంది. కొన్ని క్షణాల తరువాత డబ్బా నడుమెత్తుకు ఎగిరి పేలి, ఉక్కు గోళీలను నలుదిక్కులా చిమ్ముతుంది. బృందంలో ఒకడి కాలి కింద ఆ చప్పుడు వినబడింది. అర్థం తెలిసినవాడు సుబేదార్. ఉన్న క్షణాలు నేలపై పడి తన్ను తాను కాపాడుకొనడానికి సరిపోయేవే. ఆయన ఆ క్షణాలలో పాతర పైకి తానే దూకి దానిని తన శరీరంతో కప్పాడు. సహచరులు బ్రతికారు. మరణానంతరం ఆయనకు జార్జి క్రాసు లభించింది. ఆ పతకం పొందిన మొదటి భారతీయుడు ఆయన. రాబర్ట్స్ సేనాపతిగా పాలించిన మద్రాసు దేశపు తమిళుడు. ఏ జాతివాడు యుద్ధానికి తగడో నిర్ణయించిన పుస్తకాలకు అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు.

తూర్పున బర్మా రంగంలో యుద్ధం సగం రోడ్ల యుద్ధమే. వర్షాకాలంలో బురద మోకాలి లోతు. ఒక్కొక్క వాగు ఒక్కొక్క అడ్డుగోడ. 1944 డిసెంబరులో కలేవా వద్ద చింద్విన్ నదిపై భారత ఇంజనీర్లు కట్టిన బెయిలీ వంతెన పొడవు 1,154 అడుగులు. అప్పటికి ఆ తరహా వంతెనలలో ప్రపంచంలోనే అది అన్నింటికంటె పొడవైనది. ముందుగా తయారైన ఉక్కు చట్రాలను మనుషులే మోసి, మేకులతో బిగించే పద్ధతి అది. ఇంఫాల్ నుండి మాండలే వైపు సాగిన సైన్యానికి ప్రాణవాయువు దాని మీదుగానే అందింది. యుద్ధం ముగిసేసరికి సుమారు 87,000 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు.

స్వాతంత్ర్యానంతరం

1947 తరువాత దళం పేరు మద్రాసు ఇంజనీరు గ్రూపు అయింది. స్థావరం బెంగుళూరులోనే కొనసాగింది. కొద్ది నెలలకే కాశ్మీరులో పిలుపు వచ్చింది. లడఖ్‌కు దారి ఇచ్చే జోజీలా కనుమ సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్నది. దానిని ఆక్రమణదారులు మూసివేశారు. పదాతి దాడులు విఫలమైన పిమ్మట మేజర్ జనరల్ తిమ్మయ్య అంతటి ఎత్తుకు ట్యాంకులను పంపాలని సంకల్పించారు. అంతవరకు ప్రపంచంలో ఎవ్వరూ చేయని పని అది. బాల్తల్ నుండి కనుమ వరకు గుర్రపు బాట తప్ప వేరు దారి లేదు. మేజర్ తంగరాజు నాయకత్వాన మద్రాసు సాపర్ల 13వ, 433వ కంపెనీలు 1948 అక్టోబరులో ఆ బాటను ట్యాంకులు పోగల దారిగా మలిచాయి. మంచు కురవని ఊళ్లలో పుట్టిన తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు శత్రువు తుపాకుల ఎదుట కొండరాళ్లు పేల్చారు. ట్యాంకుల పైకప్పులను ఊడదీసి, గుట్టు బయటపడకుండా రాత్రివేళలలో తరలించారు. నవంబరు 1వ తేదీన మంచు పడుతూ ఉండగా 7వ అశ్వదళపు ట్యాంకులు ఆ దారిన ఎక్కి కనుమను చేజిక్కించుకొన్నాయి. ఆ నెల ముగియకముందే ద్రాస్, కార్గిల్ భారత సైన్యం వశమయ్యాయి; లేహ్‌కు దారి తెరచుకొంది.